నూట పద్దెనిమిదో బావి

కదిరి,
మే 20.

నా ముద్దుల మొద్దు సుష్మకు,

పోలీసు ట్రైనింగులో ఫోన్లు లాక్కున్నారనీ, ఆదివారం ఇచ్చే పది నిమిషాలూ మీ అమ్మ ఏడుపుకే చాలవనీ రాశావు. మంచిదే అయింది. ఫోనులో అయితే నువ్వు ప్రతి మాటకూ అడ్డం తగులుతావు. ఉత్తరంలో నేను చెప్పిందంతా నోరు మూసుకుని వినాల్సిందే.

నువ్వు పోయాక ప్రెస్సులో నీ కుర్చీ మీద మన ఓనరు ఉదయ్ కుమార్ టిఫిన్ క్యారియరు పెట్టుకుంటున్నాడు. అది నీకంటే తక్కువ మాట్లాడుతుంది, తక్కువ తప్పులు చేస్తుంది. ఆయన మాత్రం మారలేదు. పెళ్ళికార్డు మీద వినాయకుడి బొమ్మ పెద్దది చేయడమే ప్రింటింగు అని ఇరవై ఏళ్ళుగా నమ్ముకుని బతుకుతున్నాడు. నేను బెంగుళూరులో ఆరేళ్ళు విదేశీ సైన్సు పత్రికలకు పేజీలు కట్టినదాన్ని. ఆ కంపెనీ మూతపడి ఈ రేకుల షెడ్డులో వచ్చి పడ్డాను. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు లేటెక్‌లో పని చేస్తానంటే "అది ఏ ఊరిదమ్మా?" అని అడిగాడు. మాక్రో అంటే ఏదో జబ్బు పేరనుకున్నాడు. ఇట్లాంటి వాళ్ళ మధ్య నా చదువంతా అడవి కాచిన వెన్నెల అయిపోతోంది.

సరే, నువ్వు మూడు నెలలు టైపు కొట్టి, పోతూ పోతూ నా నెత్తిన వేసిన పుస్తకం సంగతి చెప్తాను. "తనకల్లు బావులు." లక్ష్మీపతి సార్ పదకొండేళ్ళ తపస్సు. రిటైరైన హెడ్మాస్టర్లకు మామూలుగా షుగరు వస్తుంది. ఈయనకు బావులు వచ్చాయి. తనకల్లు మండలంలో మనుషులు చేత్తో తవ్విన బావి ఎక్కడున్నా, ఎండినా పూడినా, మోపెడ్ వేసుకుని పోయి ఎవరిది, ఎన్ని మట్ల లోతు, అంటే ఎన్ని మనిషి నిలువులు, ఎవరు తవ్వారు అని రాసుకొచ్చాడు. రెండొందల పన్నెండు బావులు. అన్నింటినీ కలిపి పిండినా ఇప్పుడు ఒక బిందె నిండదు. వెయ్యి అడుగుల బోర్లే దుమ్ము కక్కుతుంటే ఈయన చచ్చిన బావులకు జాతకాలు రాస్తున్నాడు. నాలుగు బావులున్న పెద్దింట్లో పుట్టినవాడికి అదొక ముచ్చట.

ఆయన రాసే పద్ధతి నీకు తెలుసు, వేళ్ళు నొప్పి పుట్టేట్టు కొట్టింది నువ్వే కదా. రికార్డులో ఉన్న మాట మామూలుగా రాస్తాడు. మనుషుల నోట విన్న మాట చదరపు బ్రాకెట్టులో పెడతాడు. సొంతదారు పేరు రికార్డులో ఉంటుంది, తవ్విన కూలోళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. అందుకని ప్రతి బావి కిందా మొట్టమొదటే తవ్వినవాళ్ళ పేర్లు బ్రాకెట్టులో వస్తాయి, ఆ తర్వాత దొరగారి పేరు. "అంటే వాళ్ళను గడప బయట కూర్చోబెట్టినట్టే కదా సార్?" అని మొహం మీదే అడిగాను. ఆయన నవ్వాడు. అడ్డంగా దొరికిపోయినవాళ్ళు అట్లాగే నవ్వుతారు.

ఈ పుస్తకం కోసం నేనొక మాక్రో రాశాను. నీకు ఇంతకుముందు మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ ఆవలించావు. నాలుగోసారి విను. మాక్రో అంటే యంత్రానికి మనం నేర్పే కొత్త మాట. "బావి" అనే మాట నేర్పాననుకో. ఫైల్లో ఎక్కడ ఆ మాట ఉంటే అక్కడ అదే కొత్త లైను మొదలుపెడుతుంది, నంబరు అదే వేస్తుంది, పక్కన చిన్న గిలక బొమ్మ అదే గీస్తుంది. రెండొందల పన్నెండు సార్లు చేత్తో చేసే చాకిరీ తప్పుతుంది. దానికి తోడు ఆ మాటకొక సంచి తగిలించాను. చదరపు బ్రాకెట్టే ఆ సంచి. అందులో ఏమన్నా పెడితే తీసుకుంటుంది, పెట్టకపోతే అడగదు. ఇంటికొచ్చిన చుట్టం లాంటిది, కాఫీ ఇస్తే తాగుతుంది, ఇవ్వకపోతే దాని మాటే ఎత్తదు. సంచిలో వేసింది అచ్చులో పడకుండా రాశాను. బెంగుళూరులో మా తిప్పలు మేం రాసుకోవడానికి ఇట్లాంటివి పెట్టుకునేవాళ్ళం. ఇక్కడ నేను సార్ మీద నా అభిప్రాయాలు వేసుకుంటున్నాను. ఒకటి చూడు:

\బావి[ఊరి దాహమంతా తీర్చిన బావి అట. తవ్వినోళ్ళ దాహం తీర్చిందా సారూ?]

అది పద్నాలుగో బావి, సార్ వాళ్ళ సొంత బావి. మూడో బావి కాడ వాళ్ళ తాత మీసాలకు ఒక పేజీ, బావికి రెండు లైన్లు. అక్కడ "మీసాలతో నీళ్ళు తోడేవాడా?" అని వేశాను. ఇట్లా ముప్పై ఏడు బావులకు వేశాక నాకే విసుగొచ్చి చదవడం మానేశాను. మేం అచ్చు చూస్తామే గానీ మాటలు చదవం, అది మా వృత్తి ధర్మం.

చివరికి ఒక్క సంగతి, నవ్వకు. నూట పద్దెనిమిదో బావి దగ్గర మా నాయన పేరుంది. నేనే వెతుక్కున్నాను. నువ్వు కొట్టిన ఫైల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది: "తూటాల పని జమాల్ సాబ్, తవ్వకం ఎర్రిస్వామి, రామదాసు." ఇంటికి పోయి నాయనకు చెప్పాను. బావుల్లో బండ పగలగొట్టడానికి తూటాలు పేల్చి పేల్చి కుడి చెవి పోగొట్టుకున్న మనిషి కదా, మూడుసార్లు చెప్పించుకున్నాడు. "రేషన్ కార్డులో ఉండాది నా పేరు. అది బియ్యానికి. ఇది చేసిన పనికి కదమ్మే," అన్నాడు. ఆ నూట పద్దెనిమిది దగ్గర మాత్రం నేను సంచిలో ఏమీ వేయలేదు. నాయన పేరున్న చోట వెక్కిరింపు ఎందుకని ఖాళీగా వదిలేశాను.

రేపు కుందుర్పిలో అత్త కూతురి పెళ్ళికి పోతున్నా, వారం రోజులు. పుస్తకం ఉదయ్ కుమార్ మిషన్ ఎక్కిస్తాడు. సార్‌కు కంటి ఆపరేషను అయింది, ప్రూఫు చూడలేనన్నాడు. "జమాల్ సాబ్ కూతురు చేస్తాంది కదా, నేను చూసేదేముండాది?" అన్నాడట. ప్రూఫు అడగని రచయిత దొరకడం మా పూర్వజన్మ సుకృతం.

నీ లాఠీ దెబ్బలకు దూరంగా,
నాజ్‌నీన్

*

కదిరి,
జూన్ 12.

సుష్మా,

ఈసారి నీకు ముద్దు పేర్లు లేవు. ఒళ్ళు మండుతోంది.

మొన్న ఆదివారం తనకల్లులో పుస్తకం విడుదల. నేను కుందుర్పి నుంచి వచ్చేసరికే కాపీలు కట్టలు కట్టి పోయాయని ఉదయ్ కుమార్ చెప్పాడు, నేను చూడలేదు. నాయన కోసం అమ్మ సైదాబీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించింది. పెళ్ళిళ్ళకు కూడా చేయించదు. హాల్లో నాయన రెండో వరుసలో, బాగున్న ఎడమ చెవి వేదిక వైపు తిప్పుకుని కూర్చున్నాడు. లక్ష్మీపతి సార్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఒక గంట మాట్లాడాడు. నీళ్ళంటే జ్ఞాపకమట. బోరు వేసుకున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆయన నాయనను పైకి పిలిచి చేతిలో పుస్తకం పెట్టాడు. "జమాల్, నీ బావి ఉండాది ఇందులో. కూతురితో చదివించుకో," అన్నాడు. నాయన అక్కడే, అందరి ముందరే, నా వైపు చాపాడు. తీశాను. నూట పద్దెనిమిది. గిలక బొమ్మ ఉంది. సొంతదారు పేరుంది, ఆయన కొడుకుల పేర్లున్నాయి, ఆయన ఎద్దుల పేర్లు కూడా ఉన్నాయి సుష్మా. తవ్వినవాళ్ళ పేర్లు లేవు. ఎర్రిస్వామి లేడు, రామదాసు లేడు, నాయన లేడు. పేజీలు తిప్పాను. ఎక్కడా లేరు. నాయన నా నోటి వైపే చూస్తున్నాడు, ఎప్పుడు కదులుతుందా అని.

నేను ఏం చేశానో చెప్తాను, సిగ్గేమీ లేదు. పుస్తకాన్ని సార్ కాళ్ళ దగ్గరికి విసిరాను. "పేర్లు చూపించి మురిపించి, అచ్చులో కొట్టేసినావు. కూలోళ్ళ చెమట కావాల, కూలోళ్ళ పేరు ఒద్దా నీకు?" అన్నాను. మీరు అనలేదు, 'నువ్వు' అనే అన్నాను. ఆయన వంగి పుస్తకం తీసుకుని, ఆపరేషను కన్ను చిట్లించి పేజీ మీద వేలు పెట్టి వెతుక్కున్నాడు. "రాసినానమ్మా. నేను రాసినాను," అన్నాడు. ఎంత బాగా నటిస్తాడనుకున్నావు! హెడ్మాస్టరు పని చేసినవాడికి అబద్ధం నేర్పాలా?

నాకు లెక్క తేలిపోయింది. నా ఫైల్లో పేర్లున్నాయి, నా కళ్ళతో చూశాను. నేను ఊళ్ళో లేని వారంలో అచ్చయింది. అంటే పెద్దిళ్ళవాళ్ళెవరో గొణిగి ఉంటారు, ఈయన ఉదయ్ కుమార్ చెవిలో ఒక మాట వేసి ఉంటాడు. ఉదయ్ కుమార్‌ను నిలదీస్తే "నీ ఫైలు తెరిస్తే నాకు తలకాయ నొప్పి, నేనేం ముట్టలేదు," అంటాడు. దొంగ ఎప్పుడన్నా ఒప్పుకుంటాడా? ఇంకో విచిత్రం విను. రెండొందల పన్నెండింటిలో ముప్పై ఏడు బావులకు మాత్రం పేర్లు ఉండనిచ్చాడు. కంటితుడుపు! అందులో వాళ్ళ సొంత పద్నాలుగో బావి కూడా ఉంది. తన బావికి మాత్రం తవ్వినవాళ్ళ పేర్లు భద్రంగా పెట్టుకుని, మనవాళ్ళ బావులకు తీసేశాడు. ఇంత నీచం నేను బెంగుళూరులో కూడా చూడలేదు.

ఇంటికి రాగానే నాయన తెల్ల చొక్కా విప్పి, మడత చెడకుండా పెట్టెలో పెట్టాడు.

నేను తీర్మానించుకున్నాను. ఒక కరపత్రం వేస్తాను. పైన నువ్వు కొట్టిన ఫైల్లో నాయన పేరున్న పేరా, కింద పుస్తకంలో అచ్చయిన పేరా, పక్కపక్కన. "పేర్ల దొంగ ఎవరు?" అని పెద్ద అక్షరాలు. కదిరి బస్టాండులో, తనకల్లులో, ఆయన ఇంటి గోడ మీద. ఆ తర్వాత ఉదయ్ కుమార్ మొహాన నా రాజీనామా. వచ్చే బుధవారం ఆయన హిందూపురం పోతున్నాడు, ఆ రోజే ఆయన మిషన్ మీదే వేస్తాను. పోలీసువి అవుతున్నావు కదా, కేసు పెడితే ఏ సెక్షనో ముందే చెప్పు.

మండిపోతున్న
నాజ్‌నీన్

*

కదిరి,
జూన్ 20.

సుష్మా, నా తల్లీ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండే లైన్లు రాశావు: "ఆయన మంచోడో చెడ్డోడో నాకు తెల్దు. ముందు నీ ఫైలు చూసుకోమ్మే." చదివి నవ్వాను. వినాయకుడి బొమ్మ తిన్నగా పెట్టడం రాని మనిషి నాకు చెప్పొచ్చింది అనుకున్నాను. మడిచి కీబోర్డు కింద పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం కరపత్రం మొదలుపెట్టాను. తిట్లన్నీ ముందే రాసుకున్నాను, బాగా వచ్చాయి. సాక్ష్యం ఒక్కటే మిగిలింది. నీ ఫైలు తెరిచి, నూట పద్దెనిమిదో బావి పేరా మొత్తం తీసి కరపత్రంలో అతికించాను. నాయన పేరు నా కళ్ళ ముందే ఉంది. పేజీ కట్టమని మీట నొక్కాను. తెర మీద గిలక బొమ్మ వచ్చింది, నంబరు వచ్చింది, సొంతదారు వచ్చాడు, ఎద్దులు వచ్చాయి. నాయన రాలేదు.

మళ్ళీ నొక్కాను. రాలేదు. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. ఉదయ్ కుమార్ హిందూపురంలో ఉన్నాడు, లక్ష్మీపతి సార్ ఇంట్లో కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడు, పెద్దిళ్ళవాళ్ళు ఎవరి పొలంలో వాళ్ళున్నారు. నా తెర మీద, నా మాక్రో, నేను చూస్తుండగానే మా నాయన పేరు తినేసింది.

అర్థమైందా నీకు? నాకు క్షణం పట్టలేదు. ఆ క్షణం నెల రోజుల ముందు ఎందుకు రాలేదో నన్నడగకు. సంచి చదరపు బ్రాకెట్టు అని చెప్పానే, సార్ పేర్లు పెట్టింది కూడా చదరపు బ్రాకెట్టులోనే. ఆ బ్రాకెట్టు నాదా ఆయనదా అని మాక్రోకు ఎట్లా తెలుస్తుంది? తన వెనక మొదట ఏ బ్రాకెట్టు కనబడితే దాన్ని తీసుకుంటుంది. మధ్యలో ఖాళీ వదిలినా దానికి లెక్కలేదు. రెండొందల పన్నెండు పేరాల ముందూ ఒకేసారి "బావి" అని తగిలించింది నేను. ఆ మాట పక్కనే పేర్లున్నాయని చూసుకోనిది నేను. ఆప్షనల్ సంచి పెట్టినప్పుడు దాని పక్కన ఏముందో చూసుకోవాలని బెంగుళూరులో మొదటి వారమే నేర్పారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ పాఠం ఆరేళ్ళు చెప్పింది కూడా నేనే.

ఇక ఆ ముప్పై ఏడు. చెప్పడానికి నోరు రావడం లేదు, రాస్తున్నాను. నేను వెక్కిరింపు వేసిన చోట మాక్రో ఆ వెక్కిరింపును మింగి ఊరుకుంది, వెనకున్న పేర్లు బయటపడ్డాయి. నేను ఏమీ వేయని చోట పేర్లను మింగింది. నూట డెబ్భై ఐదు బావుల మనుషులను మింగింది. ఎక్కడ ఎగతాళి చేశానో అక్కడ మనుషులు మిగిలారు. నాయన మీద గౌరవంతో ఖాళీగా వదిలిన చోట నాయన పోయాడు. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె వేసి, అది మేస్తుంటే పక్కింటోళ్ళ ఎద్దును కొట్టినదాన్ని నేను.

కరపత్రం ఫైలు తీసేశాను. "పేర్ల దొంగ ఎవరు?" అన్న అక్షరాలు తెర మీద ఎంత పెద్దగా ఉన్నాయో! నీ ఉత్తరం కీబోర్డు కింద నుంచి తీసి మళ్ళీ చదివాను. నువ్వు వినాయకుడి బొమ్మ ఎంత వంకరగా పెట్టినా ఇక నోరెత్తను.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. మాక్రో అంటే ఆయనకేం తెలుస్తుంది, "నా పని తప్పు, సార్ తప్పు కాదు," అని ఎడమ చెవిలో చెప్పాను. కొట్టినా బాగుండేది. "నా పేరు లేకుండానే డెబ్భై ఏండ్లు బతికినా. ఇంక నాలుగేండ్లు బతకలేనా?" అన్నాడు. "నీవు ఆయప్పను అంతమందిలో 'నువ్వు' అన్యావే, అది నాకు ఇనపడినాది. ఒక చెవి పోయినా ఇంకోటి ఉండాదిమ్మే. తూటా పెట్టేవాడు ఒత్తి ముట్టించక ముందు మూడుసార్లు అరుస్తాడు, బావిలో ఎవురన్నా ఉండారా అని. నీవు ఒక్కసారన్నా అరిసినావా?"

గురువారం పొద్దున్నే ప్రెస్సుకు పోయి మాక్రో మార్చాను. బ్రాకెట్టులో ఏమున్నా అచ్చు వేయాలి, ఒక్క అక్షరం మింగకూడదు అని రాశాను. మొత్తం ఇంకోసారి తీశాను. నాయన వచ్చాడు, అందరూ వచ్చారు. నూట పద్దెనిమిది మాత్రమే చూసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుని, తనకల్లు బస్సెక్కి సార్ ఇంటికి పోయాను. ఆయన వరండాలో ఉన్నాడు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. "తప్పు నాది సార్. పేర్లు తిన్నది నా పని. మిమ్మల్ని అన్న మాటలు కూడా నావే," అన్నాను. ఆయన కాగితాలు తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు. "అన్నీ ఉండాయా?" అన్నాడు. "ఒక్క ముక్క పోలేదు సార్," అన్నాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఊరి మలుపు దాటాక గుర్తొచ్చింది. బ్రాకెట్టులో ఏమున్నా అచ్చు వేయమన్నాను. ఏమున్నా. మీసాలతో నీళ్ళు తోడేవాడా? గజానికీ మట్టుకూ తేడా తెలియని హెడ్మాస్టరు. ముప్పై ఏడూ, నల్లటి అక్షరాలతో, ఆయన ఒడిలో.

దిగే ధైర్యం లేకపోయింది.

నీ
మొద్దు (ఆ పేరు ఇక నాదే)

*

కదిరి,
జూలై 7.

సుష్మా,

పోయిన నెల నుంచి ఉత్తరం రాయలేదని అలిగావట. చదివాక అలుగు.

సార్ నుంచి ఆరు రోజులు కబురు లేదు. ఏడో రోజు కాగితాల కట్ట బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. విప్పే ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. ముప్పై ఏడు వెక్కిరింపుల పక్కనా ఎర్ర సిరాతో జవాబులు ఉన్నాయి. కన్ను సరిగా ఆనని మనిషి రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, నోటు పుస్తకం దిద్దినట్టే దిద్దాడు.

మూడో బావి, మీసాలు: "నిజం. తీసెయ్." ఇరవై రెండో బావి, గజాలూ మట్లూ: "తేడా తెలుసు. కొలవకుండా రాసినాను. అది ఇంకా తప్పు." ముప్పై ఒకటో బావి దగ్గర ఒక ముసలామె చెప్పిన కథకు నేను "ఈ కథ ఎవరి దగ్గర కొట్టుకొచ్చాడో" అని వేశాను. అక్కడ: "నీ తలకాయ. ఆమె బతికే ఉండాది, పోయి అడుగు." నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

పద్నాలుగు దగ్గర అక్షరాలు ఇంకా వంకరగా ఉన్నాయి. తవ్వినోళ్ళ దాహం తీర్చిందా అని నేను వేసింది ఊరికే నోటి దురదకు. ఆయన రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నాను: "తీర్చలేదు. నీళ్ళు పడిన రోజు నుంచి తవ్వినోళ్ళను ఆ బావి కాడికి రానీలేదు మా నాయన. నేను చూసినాను, నాకు పదేండ్లు. పదకొండేండ్లుగా ఈ మాట ఎట్ల రాయాలో తెలీక ఊరి దాహం అని రాసి తప్పించుకున్నా. ఇప్పుడు రాయి. నేను కళ్ళతో చూసింది, దీన్ని బ్రాకెట్టులో పెట్టొద్దు."

ఆయనను నేను ఎన్ని మాటలన్నా, ఆయన తన నాయన గురించి రాసుకున్న ఆ నాలుగు ముక్కల ముందు అవేమీ ఆనవు. చివరి పేజీ అడుగున శిక్ష కూడా రాశాడు: "పాత కాపీలు అట్లే ఉండనీ. పోయిన పేర్లతో, ఈ సవరణలతో కొన్ని పేజీల ఫారం వేసి వెనకాల కుట్టించు. ఏ హాల్లో తిట్టినావో ఆ హాల్లోనే నిలబడి మొత్తం చదవాల. నీ వెక్కిరింపులు కూడా." ఉదయ్ కుమార్‌కు చెప్తే ఎగిరిపడ్డాడు, నేను ఆయన మీద వేసిన నింద గుర్తు చేశాడు, క్షమాపణ రెండుసార్లు చెప్పించుకున్నాడు. చెప్పాను. ఆయన ఫైలు ముట్టుకోలేదన్నది అక్షరాలా నిజం, ఆ భయమే ఆయనను కాపాడింది.

నిన్న ఆదివారం చదివాను. పోయినసారి చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మంది కూడా రాలేదు. తవ్వినవాళ్ళ పిల్లలు, మనవళ్ళు వచ్చారు, కుర్చీలు చాలక గోడల పక్కన నిలబడ్డారు. ఒక్కో పేరు చదువుతుంటే వెనకాల ఎవరో ఒకరు "మా తాత," "మా చిన్నాయన," అంటున్నారు. మూడో బావి దగ్గర నా వెక్కిరింపు చదివితే హాలంతా నవ్వింది, సార్ కూడా నవ్వాడు. పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. ఆయన కుర్చీలోంచే, "చదువమ్మా," అన్నాడు. చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన లేచి బయటికి పోయాడు, సార్‌కు అన్న వరస అవుతాడట.

నాయన మొదటి వరుసలో కూర్చున్నాడు, అదే తెల్ల చొక్కా. గంటన్నరకు నూట పద్దెనిమిది వచ్చింది. "తూటాల పని జమాల్ సాబ్, తవ్వకం ఎర్రిస్వామి, రామదాసు. లోతు ఎనిమిది మట్లు."

నాయన చెయ్యెత్తాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడేమో, ఏమన్నా మంచి మాట అంటాడేమో అనుకున్నాను.

"తప్పు," అన్నాడు. "ఎనిమిది మట్లు కాదు. తొమ్మిది నిలువులు దిగినాం. ఎనిమిదికి నీళ్ళు పడల్యా. ఇంకొకటి దింపమన్యారు. ఆ తొమ్మిదో దాంట్లోనే తూటా ముందే పేలి నా చెవి పోయినాది. నీళ్ళు పడినాయి."

హాల్లో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. డెబ్భై ఏళ్ళలో మా నాయన నలుగురి ముందు ఇన్ని మాటలు మాట్లాడింది నేను చూడలేదు. ఇంట్లో మాకూ చెప్పలేదు. చెవి ఏ బావిలో పోయిందని నేనెప్పుడూ అడగలేదు సుష్మా. మూడుసార్లు అరవాలని నాకు చెప్పిన మనిషిని, ఆ రోజు అరిచేంత వ్యవధైనా దొరికిందా అని కూడా అడగలేదు.

సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి నాకిచ్చాడు. "నోటితో చెప్పినాడు కాబట్టి బ్రాకెట్టులో పెట్టు," అన్నాడు. అక్కడే నిలబడి, నాయన చెప్పినట్టే రాసుకున్నాను. ఈ రోజు పొద్దున ప్రెస్సులో ఆ పేరాను మాక్రో లేకుండా అక్షరం అక్షరం చేత్తో కొట్టాను. కాగితం మీద తీసి ఇంటికి తెచ్చి, నాయన ఎడమ చెవి పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఒప్పుకున్నాక అచ్చుకు పంపాను.

నీ
నాజ్‌నీన్
(తొమ్మిది మట్ల జమాల్ సాబ్ కూతురు)